ఆటబొమ్మలు – శాంతిబీజములు

మనుష్యుడు అక్షరములు దిద్దుటకు పూర్వమే ఆడుట నేర్చుకొనును. పలక చేతికి వచ్చునప్పటికి ఐదేండ్లు నిండును. బొమ్మ చేతికి వచ్చునది ఏడాది నిండకమునుపే. కావున శిశువునకు మొదటి గ్రంథము బొమ్మయే యనిన తప్పు కాదు. గ్రంథాలయమున నేయే పుస్తకము లుంచవలయునో పెద్దలు కూర్చుండి యోచింతురు, జాబితాలు వ్రాయుదురు, బాలురకు తగనివానిని తీసివేయుదురు. తీర్థములో బిడ్డకు బొమ్మ కొనునప్పుడు మాత్ర మా యోచన యుండదు. బిడ్డ యేడ్చినది, చేతిలో డబ్బున్నది, అంగడివాడు చూపినది కొనుట జరిగినది, అంతతో ముగియును.

ఈ యుపేక్ష తగదని చరిత్ర చెప్పుచున్నది. బొమ్మలను గూర్చి కవులు, విద్వాంసులు, ప్రభుత్వములుకూడ శ్రద్ధ వహించిన సందర్భములు పెక్కు కలవు. వానిలో ముఖ్యమైనవానిని వరుసగా పరిశీలించిన, బిడ్డ చేతి కెట్టి వస్తువు నీయవలయునో తెలియగలదు.

పురాతన కాలము

సింధునదీ ప్రాంతమున మొహెంజొదారో, హరప్పా, చన్హుదారో మొదలగు చోట్ల త్రవ్వకములలో సుమారు నాలుగున్నర వేల సంవత్సరముల క్రిందటి మట్టిబొమ్మలు విస్తారముగా లభించినవి. వానిలో రెండు చక్రముల బండ్లు, వానికి కట్టు ఎడ్లు, ఊదిన కూయు ఈలపిట్టలు, దారము లాగిన తల యూచు ఎద్దు మొదలైనవి యున్నవి. ఆ నగరముల లిపిని పండితులు నేటివఱకును నిశ్చయముగా చదువలేకపోయిరి. కాని యా బండిని చూచిన యే రైతుబిడ్డయు నిది యేమని యడుగడు. లిపి మూగవోయినను బొమ్మ మాటలాడుచున్నది.

ఆ బండిని చేసినవాడు తన కాలపు బండిని చూచి చేసెను. తండ్రి పొలమునకు తోలునట్టి బండినే బిడ్డ వాకిట తోలెను. బిడ్డకు లోకమును చిన్నదిగా చేసి చేతి కందించుటయే బొమ్మ చేయు పని. ఏ లోకము నందించుచున్నా మను ప్రశ్న యక్కడనే పుట్టినది.

కావ్యములలో బొమ్మలు

మన కవులు బొమ్మను తేలికగా చూడలేదు. శూద్రకుడు తన ప్రకరణమునకు పేరు పెట్టునప్పుడు నాయకుని పేరు గాని నాయిక పేరు గాని పెట్టక, ఒక పిల్లవాని మట్టిబండి పేరు పెట్టెను. అదియే మృచ్ఛకటికము. చారుదత్తుని కుమారుడు రోహసేనుడు పొరుగింటి బాలుని బంగారు బండితో నాడెను. వారు దానిని తీసికొనిపోగా నేడ్చెను. దాసి రదనిక మట్టితో నొక బండి చేసి యిచ్చెను. బాలు డది వలదనెను. వసంతసేన మనసు కరగి, తన నగలను దీసి మట్టిబండిలో నింపి, బంగారు బండి చేయించుకొనుమని పంపెను.

తరువాతి కథ యెఱిగినవారికి దీని భావము బోధపడును. ఆ నగలే న్యాయస్థానమున మైత్రేయుని యొడినుండి జారిపడి, చారుదత్తుడు దోషియనుటకు సాక్ష్యమాయెను. తండ్రి వధ్యస్థానమువఱకు పోవలసివచ్చెను. బిడ్డకు వెలగల బొమ్మ నిచ్చి సంతోషపెట్టబోయిన దయ యెంత దూరము పోయెనో చూడుడు. మట్టిబండి వలన నెవరికిని కీడు కలుగలేదు. అందులో చేరిన బంగారము వలననే కలిగినది.

కాళిదాసు శాకుంతలము సప్తమాంకమున నొక మట్టినెమలి కలదు. సర్వదమనుడు సింహపుపిల్ల నోరు తెఱచి పండ్లు లెక్కింతునని పట్టుబట్టియుండును. తాపసి బెదరించును, బాలుడు బెదరడు. అప్పుడామె సింహమును విడిచిన వేఱొక యాటవస్తువు నిత్తునని చెప్పును. ఆ మాట వినగానే బాలుడు చేయి చాచును. చాచిన యా యఱచేతిలోనే దుష్యంతుడు చక్రవర్తి లక్షణములను గాంచును. తాపసి ఆశ్రమమున నున్న రంగుల మట్టినెమలిని దెప్పించును. ఆ పక్షి చక్కదనమును జూడుమని చెప్పిన మాటలో బాలునకు తల్లి పేరు వినబడును. తండ్రికి తన భార్య జాడ యట్లు తెలియును. దండించి మాన్పలేని పనిని మఱొక యాటవస్తువును జూపి మాన్పవచ్చునని యా తాపసి యెఱుగును. బాలశిక్షయం దింతకంటె గొప్ప సూత్రము లేదు.

తిక్కన విరాటపర్వమున నుత్తర తన బొమ్మలకు కట్టుటకు కౌరవవీరుల వస్త్రములు దెమ్మని బృహన్నలను కోరును. ఒక వంక మహాయుద్ధము, ఒక వంక చిన్నపిల్ల బొమ్మల కోరిక! అర్జును డా కోరికను మఱువలేదు. సమ్మోహనాస్త్రముచే కురువీరులను మూర్ఛితులను జేసి, ద్రోణకృపుల తెల్లని వలువలు, కర్ణుని పసుపు వలువ, అశ్వత్థామ దుర్యోధనుల నీలి వలువలు తీయించి తెచ్చెను. ఆనాడు వారి తలలు తెగలేదు. వలువలు మాత్రము బొమ్మల పాలాయెను. యుద్ధమునుండి యిల్లు చేరిన వస్తువులలో నిన్ని కన్నీళ్లు లేనివి మఱి కానరావు.

దీనికి మఱొక ప్రక్క కూడ భారతమే చూపుచున్నది. ఆదిపర్వమున కురుబాలురు బంతి యాడుచుండగా నది నూతిలో పడినది. ద్రోణుడు బాణముల నొకదానికొకటి గ్రుచ్చి బంతిని వెలికి దీసెను. పిల్లల కప్పటినుండి బంతిమీద మనసు పోయి విల్లుమీద నిలిచెను. ఆ బంతి దొరకిన దినముననే వారి బాల్యము పోయిన దనదగును.

తెనుగునాటి బొమ్మలు

తెలుగుదేశపు బొమ్మలు యుద్ధముకంటె సంసారమునే యెక్కువగా చూపినవి. విజయవాడకు చేరువనున్న కొండపల్లిలో తెల్లపొణికి కఱ్ఱతో బొమ్మలు చేయుదురు. కఱ్ఱ నారబెట్టి, సన్నని సెగపై తడి పోగొట్టి, అవయవములను వేఱువేఱుగా చెక్కి, చింతగింజల జిగురును ఱంపపు పొట్టుతో కలిపిన మక్కుతో నతికి, సున్నపు పూత పూసి, రంగులు వేయుదురు. దశావతారములు, అంబారీ యేనుగు నటుంచిన, వారి బొమ్మలలో నెక్కువ భాగము మన యూరివారే: బండి తోలు రైతు, తాడిచెట్టెక్కు గీతకాడు, దంచు స్త్రీ, బుట్ట మోయు స్త్రీ. ఈ బొమ్మలకు 2007 లో భౌగోళిక గుర్తింపు లభించినది.

వరాహనది యొడ్డుననున్న ఏటికొప్పాకలో అంకుడు కఱ్ఱను యంత్రముపై త్రిప్పి, లక్క పట్టించి బొమ్మలు చేయుదురు. అవి గుండ్రములు, బిడ్డకు గ్రుచ్చుకొను మూల యుండదు. గింజలు, వేళ్లు, ఆకులు మున్నగువాని నుండి తీసిన రంగులను వాడుట యక్కడ పునరుద్ధరింపబడినది. ఈ కృషి చేసిన శ్రీ సి.వి. రాజు గారిని 2023 లో ప్రభుత్వము పద్మశ్రీతో సత్కరించినది. తెలంగాణమున నిర్మల పట్టణము పొణికి కఱ్ఱ పండ్లకు, పక్షులకు, జంతువులకు ప్రసిద్ధి. సంక్రాంతి బొమ్మల కొలువులో నివియన్నియు నొక్క మెట్ల వరుసపై కొలువుదీరును. దేవుడును, రైతును, ఏనుగును, కుమ్మరియు నొకే కొలువున నుందురు.

కొన్న బొమ్మలకంటె చేసిన బొమ్మలు గొప్పవి. జొన్నబెండ్లతో బండి, తాటాకుతో పెండ్లికొడుకు పెండ్లికూతురు, ముంజెకాయలతో చక్రములు, కొబ్బరాకుతో బూర, బంకమట్టితో ఎడ్లు. వీనికి కాసు ఖర్చు లేదు. అచ్చనగాయలకు గులకరాళ్లు, వామనగుంటలకు చింతగింజలు చాలును. జొన్నబెండు బండి చేయు పిల్లవాడు కొలుచుట, కోయుట, సమముగా నిలుపుట తనంత నేర్చుకొనును. బండి విఱిగిన నేడువడు. మఱొక బెండు తెచ్చుకొనును. తానే చేయగలిగినవానికి పోయినదానిపై దుఃఖ ముండదు. ఇతరుని బండిపై నసూయయు నుండదు.

పాశ్చాత్య విద్వాంసులు

బొమ్మను విద్యకు సాధనముగా శాస్త్రీయముగా నిలిపినవాడు జర్మనీ దేశీయుడగు ఫ్రెడరిక్ ఫ్రోబెల్. ఇతడు 1782 లో జన్మించెను. తొమ్మిది మాసముల ప్రాయముననే తల్లిని గోల్పోయెను. 1813 లో నెపోలియనుతో జరిగిన యుద్ధమున సైనికుడుగా చేరెను. తుపాకి పట్టిన యా చేతులే తరువాతి కాలమున బిడ్డలకు నూలుబంతులు, కొయ్యఘనములు నందించినవి. 1837 లో బాడ్ బ్లాంకెన్‌బర్గున శిశువుల కొఱకొక సంస్థను నెలకొల్పి, 1840 లో దానికి కిండర్‌గార్టెన్ అని, అనగా శిశూద్యానమని పేరు పెట్టెను.

అతడు తన బొమ్మలను కానుకలనెను. మొదటి కానుక యాఱు రంగుల నూలుబంతులు. రెండవది కొయ్యతో చేసిన గోళము, ఘనము, స్తూపము. మూడవది యెనిమిది చిన్న ఘనములుగా విడిపోవు నొక ఘనము. దీనితో నాడుట కొక నియమము కలదు: ముక్కలన్నిటిని వాడవలయును, దేనిని పనికిరాదని త్రోయరాదు. కుర్చీ కట్టినవాడు దానిని కూలద్రోయక, ముక్కలను మెల్లగా జరిపి దానినుండియే బల్లను, బల్లనుండి ద్వారమును చేయవలయును. ఆట ముగిసినప్పు డన్నియు మఱల నొక్క ఘనమై పెట్టెలో చేరవలయును. పగులగొట్టకయే మార్చవచ్చునని, ఎవరిని వెలివేయకయే యిల్లు కట్టవచ్చునని నాలుగేండ్ల బిడ్డ చేతులకు నేర్పిన పాఠమిది.

ఇంత సాధువైన విద్యకును శత్రువులు లేకపోలేదు. 1851 లో ప్రుష్యా ప్రభుత్వము నాస్తికత్వము, సామ్యవాదము నేర్పుచున్నవని శిశూద్యానములను నిషేధించెను. ఫ్రోబెల్ అన్నకొడుకు వ్రాతలను అతనివిగా భ్రమపడుటయు నందుకొక కారణము. ఆ మఱుసటి యేడు 1852 లో నతడు మరణించెను. నిషేధము 1860 వఱకు తొలగలేదు. బంతులకును కొయ్యముక్కలకును నొక రాజ్యము జంకెననిన వాని శక్తి యెంతటిదో యూహింపవచ్చును. అమెరికాలోని ప్రఖ్యాత శిల్పి ఫ్రాంక్ లాయిడ్ రైట్, బాల్యమున తల్లి తెచ్చియిచ్చిన ఫ్రోబెల్ ఘనములే తన గృహనిర్మాణవిద్యకు పునాదియని వ్రాసికొనెను.

ఇటలీ దేశపు వైద్యురాలు మేరియా మాంటిసోరి 1907 లో రోమునగరపు పేదపేటలో బాలగృహము తెఱచెను. దాత లిచ్చిన వెలగల బొమ్మలను బిడ్డలు ప్రక్కకు నెట్టి, చేతికి పని కల్పించు ఘనములను, పలకలను కోరుట నామె గమనించెను. ఒక సెంటీమీటరునుండి పది సెంటీమీటర్లవఱకు పెరుగు పది ఘనముల గోపుర మామె కూర్చిన ప్రసిద్ధసాధనము. ముస్సోలినీ ప్రభుత్వముతో పొసగక యామె ఇటలీ విడిచెను. 1939 లో మద్రాసు అడయారునకు వచ్చి, యుద్ధము ముగియువఱకు, 1946 దాక మన దేశముననే యుండి వేయిమందికి పైగా ఉపాధ్యాయులకు శిక్షణ నిచ్చెను. లోకమునకు శాంతి శిశువునుండియే రావలయునని యామె సిద్ధాంతము. 1931 లో లండనున మాంటిసోరి శిక్షణశాలలో మాట్లాడుచు గాంధీమహాత్ముడును నిజమైన శాంతిని నేర్పదలచిన పిల్లలతోనే ప్రారంభింపవలయునని చెప్పెను.

మన దేశముననే గిజూభాయి 1920 లో భావనగరమున బాలమందిరమును స్థాపించి ఆటపాటల విద్య నేర్పెను. సమీపకాలమున అరవింద గుప్తా యను ఇంజనీరు అగ్గిపుల్లలు, సైకిలు వాల్వు రబ్బరుగొట్టములతో త్రిభుజములు, ఇండ్లు, గోపురములు చేయించు విధము కనిపెట్టి, పారవేసిన వస్తువులతోనే వందలకొలది శాస్త్రీయపు బొమ్మలు చేసి చూపెను. 2018 లో నతనికి పద్మశ్రీ లభించినది. బీదతనము బొమ్మలకు విరోధము కాదని యతని కృషి నిరూపించినది.

యుద్ధపు బొమ్మలు

పదునెనిమిదవ శతాబ్దమున న్యూరెంబర్గు పట్టణమున తగరపు సైనికుల తయారీ పెద్ద పరిశ్రమయైనది. 1893 నుండి ఇంగ్లండులో బ్రిటన్స్ అను సంస్థ లోపల బోలుగా నుండు సీసపు సైనికులను పోతపోసి చౌకగా నమ్మెను. ప్రసిద్ధరచయిత హెచ్.జి. వెల్స్ 1913 లో నట్టి సైనికులతో నాడు యుద్ధక్రీడను గూర్చి పుస్తకమే వ్రాసెను. అతడు యుద్ధప్రియుడు కాడు. నిజమైన యుద్ధ మెంత మూఢకార్యమో యీ యాట చూపునని యతని యాశయము. పుస్తకము వెలువడిన మఱుసటి యేడే మహాయుద్ధము వచ్చెను. యుద్ధానంతరమున జనులకు సైనికులపై విరక్తి కలుగగా, 1920 తరువాతి సంవత్సరములలో నా సంస్థయే ఆవులు, గొఱ్ఱెలు, కోళ్లు, పాలుపితుకు స్త్రీ మున్నగు పల్లెబొమ్మలను పోతపోయ నారంభించెను. సీస మదియే, అచ్చు మాఱినది.

స్వీడను దేశమున 1979 లో ప్రభుత్వ సంస్థలును బొమ్మల వర్తకులును కూడి, ఆధునిక యుద్ధమును పోలిన బొమ్మల నమ్మరాదని యొడంబడిరి. ఇది లాభము వదలుకొని చేసిన కట్టడి, మెచ్చదగినది.

నీలికన్నుల బొమ్మల కథ

శాంతికొఱకు బొమ్మలను రాయబారమునకు పంపిన వృత్తాంత మొకటి కలదు. 1924 లో అమెరికా చేసిన వలసచట్టము జపానువారి రాకను నిరోధింపగా నుభయదేశముల నడుమ వైమనస్యము పెరిగెను. జపానులో చిరకాలము వసించిన సిడ్నీ గ్యూలిక్ అను మతబోధకుడు, పెద్దల మనసులు మాఱనిచో పిల్లల మనసులతో ప్రారంభింతమని తలచెను. అమెరికా బాలబాలికలు చందాలు వేసికొని, దుస్తులు కుట్టి, 12,700 కు పైగా బొమ్మలను 1927 లో జపానునకు పంపిరి. ప్రతి బొమ్మకు నొక ఉత్తరము, ఒక ప్రయాణపత్రము నుండెను. మార్చి 3 న జరుగు జపాను బొమ్మల పండుగ నాటికి స్వాగతములు పలికి వానిని బడులకు పంచిరి. జపాను పిల్లలును కాసులు కూడబెట్టి, పట్టువస్త్రములు కట్టిన 58 పెద్దబొమ్మలను బదులుగా పంపిరి.

పదునాలుగేండ్లలో నుభయదేశములు యుద్ధమునకు దిగెను. 1943 లో నీలికన్నుల బొమ్మలు శత్రువులని ప్రచారము జరిగి, వానిని తగులబెట్టించిరి, వెదురుబల్లెములతో పొడిపించిరి. అయినను కొందఱు ఉపాధ్యాయులు ప్రాణమునకు తెగించి కొన్నిటిని అటుకలపై, గోడల మాటున దాచిరి. అట్లు బ్రతికిన బొమ్మలు 300 కు పైగా యుద్ధానంతరమున బయటపడి నేటికిని బడులలో నున్నవి.

ఈ కథ విని, బొమ్మలు యుద్ధము నాపలేదు గదా యని కొంద ఱనవచ్చును. నిజమే, ఆపలేదు. బొమ్మకు లేని శక్తిని దానికి కట్టబెట్టరాదు. కాని యెల్లవారును ద్వేషించుమన్నప్పుడు ద్వేషింపలేని మనుష్యులు కొంద ఱుండిరి. వారి హృదయమున నొక పసిదాని బొమ్మ నిలిచినది. శాంతి యెక్కడ మిగులునో, ఎట్లు మిగులునో యీ 300 బొమ్మలు చెప్పుచున్నవి.

ఎట్టి బొమ్మ నెంచుకొనవలయును?

ఈ చరిత్రనుండి కొన్ని సూత్రములు తేలుచున్నవి. మొదటిది, బొమ్మ తక్కువ చేయవలయును; బిడ్డ యెక్కువ చేయవలయును. కీ యిచ్చిన గంతులు వేయు బొమ్మను బిడ్డ కొంతసేపు చూచును, పిమ్మట పగులగొట్టును. కొయ్యముక్కల సంచిని ఏండ్ల తరబడి విడువడు. రెండవది, ఒక్క బొమ్మ పెక్కు రూపములు దాల్చవలయును. మూడవది, నలుగురు కలిసి యాడదగినదై యుండవలయును. పంచుకొనుట మాటలతో గాక చేతులతో నేర్వవలసిన విద్య. నాల్గవది, విఱిగిన బాగుచేసికొనదగినదై యుండవలయును. ఐదవది, రంగు హానికరము కారాదు. ముక్కలు మ్రింగునంత చిన్నవి కారాదు. యంత్రములపై తయారైన బొమ్మలకు 2021 జనవరి 1 నుండి ఐ.ఎస్.ఐ. ముద్ర విధింపబడినది, కొనువారు దానిని చూడవలయును. ఆఱవది, ఆడపిల్లకు లక్కపిడతలు, మగపిల్లవానికి బండి యను గిరి గీయరాదు. బండి తోలిన చెల్లెలును, వంట వండిన అన్నయు సంసారమును చక్కగా నెఱుగుదురు.

ఇక తుపాకి మాట. పిల్లవాడు కఱ్ఱముక్కను తుపాకి యని యాడిన దండింపరాదు. ఆ కఱ్ఱయే మఱునాడు నాగలి యగును, పిల్లనగ్రోవి యగును, గుఱ్ఱమగును. వాని యూహకు బంధనము లేదు. తుపాకిగానే పోతపోసిన వస్తువు మాత్రము నాగలి కానేరదు. అది యొక్క మాటనే మఱల మఱల చెప్పును. ఎదుట నొకడు పడినగాని దానితో ఆట పూర్తికాదు. అట్టిదానిని కొనకుండుటయే మేలు. బిడ్డ మారాము చేసిన కాళిదాసు తాపసి త్రోవ యుండనే యున్నది: వలదని కసరుటకు ముందు మట్టినెమలిని చూపవలయును.

గ్రంథాలయమునకు వచ్చు పెద్దలకు పుస్తకము లున్నవి; చదువనేర్వని పసివారి కేమున్నది? ఒక్క బీరువాలో నొక్క అర చాలును. వడ్రంగి మిగిల్చిన కొయ్యముక్కలను నునుపుచేసి యొక పెట్టె, కుమ్మరి మట్టి యొక ముద్ద, ఏటికొప్పాక బొంగరములు నాలుగు, చింతగింజలొక సంచి యందుంచిన, తల్లులు పుస్తకములకు వచ్చునప్పుడు బిడ్డలు వెంట వత్తురు. మట్టిబండితో మొదలిడిన బిడ్డ మృచ్ఛకటికమువఱకు నడచిపోగలడు. రజతోత్సవము జరుపుకొను గ్రంథాలయము స్వర్ణోత్సవమును జూచునాటికి దానిని నడపవలసినవారు నేడు వాకిట బొమ్మలాడు పసివారే. వారి చేతులలో నేమి యుంచుట యను నిర్ణయము నేటి పెద్దల చేతిలో నున్నది.